బెంగాల్ పిల్లితో ఫ్లాట్‌లో కాపురం

పుణేలో ఉద్యోగం రాగానే మా అమ్మాయి తన బెంగాల్ పిల్లిని "నెల రోజులే నాన్నా" అంటూ నిజాంపేటలోని మా నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో వదిలి వెళ్ళింది. రెండేళ్ళయింది. దాని పేరు మిరియం. కాలుగాలిన పిల్లి అనే మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను గానీ, కాలు కాలకుండానే అలా తిరిగే పిల్లిని చూడటం అదే మొదలు.

దీని పుట్టుక తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. మన దేశపు అడవుల్లో కూడా తిరిగే లెపర్డ్ క్యాట్ అనే మచ్చల చిన్న అడవిపిల్లిని పెంపుడు పిల్లితో కలిపి అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ తయారుచేసిన జాతి ఇది. కాబట్టి వేటాడకుండా దానికి పొద్దుపోదు.

మొదట్లో సాయంత్రం ఏడింటికే తిండి పెట్టేసేవాడిని. తెల్లవారుజామున నాలుగింటికి నా మడమలు కొరికేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి కర్రకి ఈకలు కట్టి పావుగంట ఉరికిస్తాను. ఈకల్ని దాని మొహం మీద ఆడించకండి, సోఫా వెనక్కి పారిపోతున్నట్టు లాగండి. చివర్లో తప్పకుండా దొరకనివ్వాలి. ఆ వెంటనే తిండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర: పిల్లికి ఇదీ వరస. వారం పదిరోజుల్లో నాలుగింటి గోల ఆరింటికి మారింది. అంతకంటే ఆశించకండి. పొద్దున ఇంకో పావుగంట ఆట. పగలు మేం ఉండని రోజుల్లో కాస్త పొడి తిండిని కోడిగుడ్ల అట్ట గుంటల్లో దాచి పెడతాం.

తిండి విషయంలో పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ "పెరుగన్నం పెడితే సరిపోయేదానికి ఇంత ఖర్చా" అంటారు. సరిపోదు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి, లేకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర ముక్క కూడా వద్దు.

దీనికి నేల కంటే ఎత్తే ఇష్టం. వడ్రంగిని పిలిచి గోడకి మూడు చెక్కలు మెట్లలా కొట్టించి, హాల్లో ఒక సజ్జ ఖాళీ చేశాం. మా ఆవిడ ఇత్తడి గిన్నెలు మంచం కిందకి చేరాయి, ఆ గొడవ వేరే. గోళ్ళు గీక్కోవడానికి మూడడుగుల దుంగకి జనపనార తాడు గట్టిగా చుట్టి సోఫా పక్కనే నిలబెట్టండి. ఊగితే మాత్రం దాని జోలికి పోదు.

పావురాల కోసం కట్టే నైలాన్ వలని నమ్మకండి. మా మిరియం దాన్ని కొరికి, పక్క ఫ్లాట్ ఏసీ యూనిట్ మీద కూర్చుని నావైపు చూసింది. ఆ మర్నాడే ఇనుప జాలీ పెట్టించాను. నీళ్ళన్నా భయం లేదు, బకెట్లకి మూతలు పెట్టుకోండి.

ఇక దారం. మల్లెపూలు వాడిపోయాక దండ దారాన్ని మా ఆవిడ టీపాయ్ మీద పెట్టింది. కాసేపటికి మిరియం నోట్లోంచి రెండంగుళాలు వేలాడుతోంది. లాగబోయాను. ఫోన్‌లో డాక్టరుగారు "లాగొద్దు!" అని అరిచారు. రెండో కొస లోపల చిక్కుకుని ఉంటే, లాగినప్పుడు పేగులు కోసుకుపోతాయట. చివరికి ఆపరేషన్ చేసి తీశారు. దారం, రబ్బరు బ్యాండు, రిబ్బను, ఏదైనా సరే వెంటనే డబ్బాలో వేసి మూత పెట్టండి. ఆ ఈకల కర్ర కూడా ఆట అవగానే బీరువాలోకే.

తిట్టి లాభం లేదు. వంటగట్టు ఎక్కితే నేను మాట్లాడకుండా దింపేస్తాను, స్టూలు ఎక్కితే చిన్న చికెన్ ముక్క ఇస్తాను. ఇప్పుడు వంటయ్యేదాకా స్టూలు మీదే కూర్చుంటుంది, చికెన్ డబ్బా వైపు చూస్తూ.

ఈమధ్య వేలాడి తలుపు హ్యాండిల్ వంచడం నేర్చుకుంది. వీధి తలుపుకి గుండ్రటి నాబ్ వేయించాను. బాత్రూముకి ఇంకా వేయించలేదు, అందుకే లోపలికెళ్ళగానే గడియ పెట్టుకుంటున్నాం.