జెమ్స్ బిళ్ళలతో హాఫ్ లైఫ్ పాఠం

హాఫ్ లైఫ్ అంటే రేడియోధార్మిక పరమాణువుల గుంపులో సగం విఘటనమవడానికి, అంటే వేరే పరమాణువులుగా మారిపోవడానికి పట్టే కాలం. ఇంటర్ సెకండియర్‌లో కేంద్రకాల పాఠం వచ్చేసరికి పిల్లలు దాని సూత్రంలోని (0.693 బై లామ్డా) 0.693ని ఫోన్ నంబరులా బట్టీ పట్టేస్తారు. అదెక్కడి నుంచి వచ్చిందిరా అంటే నేలచూపులు చూస్తారు. అందుకే ఆ రోజు క్లాసుకి జెమ్స్ పట్టుకెళ్తాను.

నలుగురికో గ్రూపు. గ్రూపుకి వంద బిళ్ళలు, మూత ఉన్న టిఫిన్ డబ్బా, ఒక పాత పేపరు. ముందురోజే ప్రతి బిళ్ళకీ ఒకవైపు మార్కర్‌తో చుక్క పెట్టించండి. చుక్క పెట్టినవి తినకూడదు, తినడానికి వేరే పొట్లం దాచండి. మొదటి ఏడాది నేనీ మాట చెప్పడం మరిచాను. మూడో విసురుకే వెనకబెంచీ లెక్క తప్పింది. "మాది హాఫ్ లైఫ్ తక్కువ సార్" అన్నాడొకడు. నాలుక చూస్తే నీలంగా ఉంది.

డబ్బా బాగా కుదిపి పేపరు మీద గుమ్మరించాలి. చుక్క పైకి పడ్డవి విఘటనమైనట్టే, తీసేయండి. మిగిలినవి లెక్కపెట్టి, రాసుకుని, మళ్ళీ డబ్బాలోకి. మొన్న ఒక గ్రూపుకి 100, 53, 25, 14, 6, 3, 1 వచ్చాయి. ఎనిమిది గ్రూపులవీ బోర్డు మీద కూడితే 800, 405, 198, 102. ఏ బిళ్ళ ఎప్పుడు పోతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు, గుంపులో సగం పోతాయని మాత్రం చెప్పొచ్చు. కార్బన్-14కి ఒక్కో విసురూ 5730 ఏళ్ళు, అయోడిన్-131కి 8 రోజులు.

సూత్రంలో లామ్డా అంటే, ఉన్నవాటిలో ఎంత వంతు చొప్పున పోతున్నాయో చెప్పే వేగం. ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు: "విసురుకి సగం పోతున్నాయిగా సార్, లామ్డా 0.5 కావాలి కదా?" అడగకపోతే మీరే అడగండి, అసలు పాఠం ఇదే. బిళ్ళలు మనం విసిరినప్పుడే పోతాయి. పరమాణువులు క్షణక్షణం పోతూనే ఉంటాయి, మిగిలినవి తగ్గేకొద్దీ పోయేవీ తగ్గుతాయి. లామ్డా 0.5 అయితే ఒక విసురంత కాలానికి వందలో దాదాపు 61 మిగిలిపోతాయి. సరిగ్గా 50 మిగలాలంటే 0.693 ఉండాలి. కాలిక్యులేటర్ ఇచ్చి వాళ్ళ చేతే చేయించండి.

జెమ్స్‌కి డబ్బుల్లేని నెలలో చింతగింజలు ఒకవైపు గచ్చు మీద అరగదీసి వాడాను. అష్టాచెమ్మా ఆడే ఇళ్ళలో సిద్ధంగానే దొరుకుతాయి. కాకపోతే అవి సమంగా పడవు. మాకు విసురుకి వందలో 60 దాకా మిగిలేవి. అప్పుడు గ్రాఫ్ గీసి హాఫ్ లైఫ్ ఎన్ని విసుర్లో చెప్పమన్నాను. ఒకటిన్నరకి కాస్త తక్కువ రావాలి.