పరాయి దేశంలో పంటి డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు

ఒంగోలు, కావలి నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు పచ్చళ్లు కట్టే హడావుడిలో పళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

• నెల ముందే ఇక్కడ పళ్లు చూపించుకోండి. రూట్ కెనాల్ సగంలో వదిలేసి విమానం ఎక్కొద్దు. ఎక్స్‌రేలు ఫోన్‌లో ఉంచుకోండి.

• అక్కడ పళ్ల ఇన్సూరెన్స్ సాధారణంగా వేరేగా తీసుకోవాలి. ఖర్చెంతో ముందే రాసిమ్మనండి.

• భయమా? అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పేయండి, సిగ్గెందుకు! మొదటిసారి చూడటం వరకే అనండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని డాక్టరుతో ముందే అనుకోండి. మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటే కాసేపు గుండె దడదడలాడొచ్చు. మందు ప్రభావమే, కంగారు పడొద్దు. భయం తగ్గడానికి ముక్కుతో పీల్పించే లాఫింగ్ గ్యాస్ ప్రభావం నిమిషాల్లో దిగిపోతుంది. మత్తు మాత్ర ఇస్తే మాత్రం ఆ రోజు కారు నడపకూడదు, ఇంటికి తీసుకొచ్చే తోడు కావాలి.

• గుండె జబ్బు, బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులు, పెన్సిలిన్ పడకపోవడం: చీటీ మీద రాసుకెళ్లండి.

• కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ మాటా చెప్పండి. ఆ నీళ్ల వల్ల పళ్ల మీద పడ్డ గోధుమరంగు మచ్చలు చూసి సరిగ్గా తోముకోరనుకుంటే మనకే నామోషీ.

• ముఖం వాచి, జ్వరమొచ్చి, మింగడం కష్టమైతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.