ఇంటి దగ్గరే కారు వీల్ బేరింగ్ మార్చడం ఎలా? ముందు సమ్మెట పక్కన పెట్టండి

కారు నలభై కిలోమీటర్ల వేగం దాటగానే సన్నగా మొదలై, వేగంతో పాటు పెరిగే మోత వినబడితే చాలామంది టైర్ల మీద అనుమానపడతారు. మా బావమరిది అట్లే నాలుగు కొత్త టైర్లు వేయించినాడు. మోత మాత్రం పోలేదు. తర్వాత ఒక షెడ్డులో, చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే బేరింగ్ మార్పించుకుంటే రెండు వారాలకే మళ్లీ అదే మోత. విప్పి చూస్తే కొత్త బేరింగ్‌ను సమ్మెటతో కొట్టి ఎక్కించిన గుర్తులు అంచు చుట్టూ ఉన్నాయి. డబ్బులు పోసి కొన్న వస్తువును బిగించేటప్పుడే చంపేశారు. ఇట్లాంటివి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఏ చక్రమో తేల్చుకోండి. మా తిరుపతి నుంచి నాయుడుపేట పోయే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అరవైలో పోతూ స్టీరింగు కొద్దిగా కుడికి, ఎడమకి తిప్పండి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమవైపు బేరింగ్ పోయినట్టే. ఈ పరీక్ష కొండ దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో చేయకండి. అక్కడ మీ ధ్యాస మలుపుల మీదే ఉండాలి. తర్వాత ఇంటి దగ్గర చక్రాన్ని జాకీతో లేపి, కారును స్టాండు మీద నిలిపి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగు పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పండి. మంచి బేరింగైతే స్ప్రింగులో ఏమీ తెలియదు. పోయినదైతే రోట్లో ఇసుక పోసి పొత్రం తిప్పినట్టు గరగరమని అరచేతికి తగులుతుంది. చెవి మోసపోయినా చెయ్యి మోసపోదు.

2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు ఆ నీళ్లలో తిరిగిన కార్లు నా దగ్గరికి కొన్ని వచ్చినాయి, అన్నిటికీ ఇదే జబ్బు. వేడెక్కిన హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. గ్రీజు చెడిపోతుంది, తుప్పు మొదలవుతుంది.

సామాన్ల విషయానికొస్తే, కొత్త బేరింగ్, కొత్త సర్క్‌లిప్ (బేరింగ్ జారిపోకుండా గాడిలో కూర్చునే రింగు), కొత్త షాఫ్టు నట్టు (హబ్బు మధ్యలో ఉండే పెద్ద నట్టు) కొనండి. పాత నట్టు మళ్లీ వాడొద్దు. బేరింగ్ పేరున్న కంపెనీది, నమ్మకమైన షాపులో, సీలు తీయని డబ్బాలో తీసుకోండి. కొన్ని కార్లకు బేరింగ్ హబ్బుతో కలిసే వస్తుంది, మూడో నాలుగో బోల్టులు విప్పి బిగిస్తే సరిపోతుంది. మీది అదైతే ప్రెస్సు (టన్నుల బలంతో నొక్కే యంత్రం) గురించి కింద చెప్పేదాంతో మీకు పనిలేదు. జాకీ, రెండు స్టాండ్లు, పానాలు, పొడుగు రాడ్డు, ఎంత బిగించామో కొలత చూపే టార్క్ పానా ఉండాలి. టార్క్ పానా లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి. అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఒకవైపు పోతే ఒకవైపే మార్చండి, రెండూ మార్చాలనే మాట నేను ఒప్పుకోను.

కారు నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని, షాఫ్టు నట్టు వదులు చేయండి. తర్వాత లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి ఏ పనీ చేయొద్దు. చక్రం తీయండి. డిస్కును పట్టి ఆపే బ్రేకు క్యాలిపర్ విప్పి తీగతో స్ప్రింగుకు కట్టండి, బ్రేకు ట్యూబు మీద వేలాడనివ్వకండి. డిస్కు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సారు, టై రాడ్డు, కింది బాల్ జాయింటు, షాకు బోల్టులు వరసగా విప్పితే నకిల్, అంటే బేరింగ్‌ను పట్టి ఉంచే లోహపు భాగం, చేతికొస్తుంది. షాకు బోల్టులు విప్పేముందు అవి కూర్చున్న చోట సుద్దతో గీత గీసుకోండి, అలైన్‌మెంటు మరీ తప్పిపోకుండా ఉంటుంది.

ఇక్కడిదాకా ఓపికున్న ఎవరైనా చేస్తారు. బేరింగ్ చచ్చేదీ బతికేదీ దీని తర్వాతే.

ఇంట్లో ప్రెస్సు ఉండదు కాబట్టి నకిల్‌ను సంచిలో పెట్టుకుని లేత్ షాపుకు పోండి. అక్కడ ఇచ్చేసి టీ తాగడానికి పోవద్దు. పక్కనే నిలబడండి, ఏది ఎక్కడ ఆనుతోందో మీ కళ్లతో చూడండి.

బేరింగ్‌లో రెండు రింగులుంటాయి. బయటి రింగు నకిల్‌లో బిగుతుగా కూర్చుంటుంది, లోపలి రింగు హబ్బు మీద. రెండింటి మధ్య బాల్స్. ఏ రింగు బిగుతుగా ఎక్కుతోందో ఆ రింగునే నొక్కాలి. ఒక రింగును నొక్కి రెండోదాన్ని ఎక్కించాలని చూస్తే టన్నుల బలం బాల్స్ గుండా పోతుంది. ప్రతి బాలూ తన దారిలో సన్నటి సొట్ట పెడుతుంది. పైకి ఏమీ కనబడదు. బిగించినాక చేత్తో తిప్పితే కూడా బాగానే తిరుగుతుంది. రోడ్డెక్కినాక కొన్ని రోజులకు ఆ సొట్టలే మోత అవుతాయి. మా బావమరిది కారుకు జరిగింది ఇదే.

పాతది తీసేటప్పుడు ఏ రింగు నొక్కినా పరవాలేదు, ఎట్లాగూ పారేసేదే. హబ్బు బయటికి వచ్చేటప్పుడు పాత లోపలి రింగు దానికే అంటుకుని వస్తుంది. పుల్లర్‌తో లాగండి. గ్రైండరు పెడితే కళ్లద్దాలు తప్పనిసరి, హబ్బు మీద గీత పడకూడదు. తర్వాత సర్క్‌లిప్ తీసి పాత బేరింగ్ నొక్కించేయండి. నకిల్ రంధ్రాన్ని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, గుడ్డతో తుడవండి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు.

కొత్తది పెట్టేముందు దాని రెండు ముఖాలూ చూడండి. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. చిన్న పేపర్ క్లిప్ దగ్గరికి తెస్తే ఆ వైపు మెత్తగా అంటుకుంటుంది. ఆ వైపు సెన్సారు ఉండే దిక్కుకే రావాలి. తిరగేసి పెడితే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పితే బేరింగ్ పాడవుతుంది. ఇనుప పొడి ఉన్న బల్ల మీద దాన్ని పెట్టనే పెట్టొద్దు.

ఇప్పుడు బయటి రింగుకు సరిపోయే దిమ్మ పెట్టి నొక్కించాలి. నేను పాత బేరింగ్ బయటి రింగునే అంచు కొంచెం అరగదీయించి వాడతాను, అంతకంటే సరైన కొలత ఎక్కడా దొరకదు. వంకరగా దిగుతుంటే ఆపించండి, తీసి మళ్లీ పెట్టించండి. అడుగుకు తగలగానే ప్రెస్సు హ్యాండిలు ఒక్కసారిగా బరువెక్కుతుంది, అక్కడ ఆగాలి. సర్క్‌లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో స్క్రూడ్రైవరు మొనతో తిప్పి చూడండి.

తర్వాత హబ్బు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నకిల్‌ను ప్రెస్సు బల్ల మీద ఆనించి పైనుంచి హబ్బును నొక్కేస్తారు. అట్లా చేస్తే బలమంతా బాల్స్ మీదే. నకిల్ దేనికీ ఆనకూడదు. కింద లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క ఒక్కటే మొత్తాన్ని మోయాలి. పైపు ముక్క లేదని లేత్ అన్న అంటే అప్పటికప్పుడు తిప్పించండి, పది నిమిషాల పని. "ఏం కాదు అన్నా, ఎన్నో చేసినాం" అంటే నకిల్ తీసుకుని ఇంకో షాపుకు నడవండి.

కొందరు బేరింగ్‌ను గ్యాస్ మంట మీద వేడి చేసి జారుస్తారు. సీలు కాలుతుంది, గ్రీజు కరుగుతుంది. ఇంకొందరు సీలు లేపి గ్రీజు నింపుతారు. కొత్తదానిలో గ్రీజు కొలత ప్రకారమే ఉంటుంది, ముట్టుకోవద్దు.

ఇంటికొచ్చి విప్పిన వరసకు తిరగేసి బిగించండి. షాఫ్టు నట్టును ముందు మామూలుగా బిగించి, బ్రేకు తొక్కించి పట్టుకుని, మీ మోడల్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు తీసుకురండి. అది అయ్యేదాకా కారు బరువు ఆ చక్రం మీద పడనీయొద్దు. బేరింగ్ బిగువును పట్టి ఉంచేది ఆ నట్టే. ఎయిర్ గన్‌తో బిగించడం నాకు నచ్చదు, ఎంత బిగించిందో దానికీ తెలియదు, మీకూ తెలియదు. తర్వాత నట్టు అంచును షాఫ్టు గాడిలోకి ఉలితో వంచి లాక్ చేయండి. ఈ పనిలో సుత్తికి చోటున్నది ఇక్కడొక్కటే.

బండి బయటికి తీసేముందు బ్రేకు రెండు మూడుసార్లు తొక్కండి, క్యాలిపర్ పిస్టన్ వెనక్కి పోయి ఉంటే పెడల్ మొదట మెత్తగా దిగుతుంది. రేణిగుంట దాకా పోయి రండి. అలైన్‌మెంటు చేయించండి. యాభై కిలోమీటర్లు తిరిగినాక చక్రం నట్లు టార్క్ పానాతో మళ్లీ ఒకసారి చూడండి.