పొందూరు ఖద్దరు తెలుపు ఫోటోలో నిలవాలంటే

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నగా వడికి నేసిన పంచెను బల్బు వెలుగులో ఫోటో తీస్తే, ఆ తెల్లని నూలు పసుపు పూసినట్టు కనిపిస్తుంది. దీన్ని ఉచితంగా దొరికే ఫోటోల సవరణ సాఫ్ట్‌వేర్ జింప్‌లో సరిచేయవచ్చు. అసలు ఫైలును భద్రపరచి, నకలు మీదే పనిచేయాలి.

కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిస్తే హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో ఏ వెలుగు ఎంత మేర ఉందో చూపే గ్రాఫు, కనిపిస్తుంది. దాని ఎడమ కొస 0 నలుపు, కుడి కొస 255 తెలుపు. అక్కడ చుక్కల గొట్టం బొమ్మతో ఉన్న బూడిద రంగు డ్రాపర్‌తో, పంచె మడతలో మరీ వెలుగూ మరీ నీడా లేని చోట నొక్కితే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు సమానమై పసుపు ఛాయ విరుగుతుంది. పొరపాటున జరీ అంచు మీద నొక్కితే బొమ్మంతా నీలంగా మారుతుంది.

వెలుతురును ఆ తర్వాతే సవరించడం మంచిదని నా అభిప్రాయం. గ్రాఫు కుడి కొసకు గోడలా ఆనుకొని ఉంటే, అక్కడి పోగుల వివరం ఫోటో తీసినప్పుడే పోయిందన్నమాట. దాన్ని ఏ సవరణా తిరిగి తేలేదు కనుక, వెలుతురు తగ్గించి మళ్లీ తీయాలి. అలా కాక బొమ్మ మసకగా మాత్రమే ఉంటే, గ్రాఫు కింద ఉన్న నడిమి త్రికోణాన్ని కొద్దిగా ఎడమకు జరిపితే చాలు. అత్యంత తెల్లని చోట కూడా విలువ సుమారు 245 దగ్గర ఆగితేనే నేత కంటికి ఆనుతుంది. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచవలసిన అవసరం ఖద్దరుకు దాదాపుగా రాదు.