జాబ్ సక్సెస్ అంటుంది, డేటా మాత్రం ఉండదు: చిన్న చిట్కా

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌లో (డేటాబేస్‌లో స్టెప్పులుగా రాసిన పనులను, అంటే జాబ్‌లను, టైముకు తనంతట తానే నడిపే సర్వీస్) రాత్రి జాబ్ సక్సెస్ అని పచ్చగా కనిపిస్తుంది, తీరా పొద్దున చూస్తే టేబుల్ ఖాళీ. చాలాసార్లు కారణం ఇదే: మధ్యలో ఏ స్టెప్ ఫెయిలైనా చివరి క్లీనప్ (పని అయ్యాక మిగిలినవి సర్దే స్టెప్) నడవాలని, ఫెయిలైతే ఏం చేయాలన్న చోట ‘గో టు ది నెక్స్ట్ స్టెప్’ పెట్టేస్తాం. ఆ క్లీనప్ సజావుగా ముగిస్తే జాబ్ మొత్తం పాసైనట్టే లెక్క.

అందుకే క్లీనప్ స్టెప్‌ను రెండుసార్లు పెట్టండి. 1, 2, 3 అసలు పని అనుకుందాం. 4, 5 రెండింటిలోనూ అదే క్లీనప్ కోడ్. మొదటి మూడు స్టెప్‌ల అడ్వాన్స్‌డ్ పేజీలో, ఫెయిలైతే 5కి వెళ్లమని ఎంచుకోండి. 4 సక్సెసైతే ‘క్విట్ ది జాబ్ రిపోర్టింగ్ సక్సెస్’. అసలు కిటుకు 5లో ఉంది: అది సక్సెసైనా సరే ‘క్విట్ ది జాబ్ రిపోర్టింగ్ ఫెయిల్యూర్’ పెట్టాలి. అప్పుడు క్లీనప్ జరుగుతుంది, జాబ్ ఎర్రగానే మిగులుతుంది, నోటిఫికేషన్స్‌లో ‘జాబ్ ఫెయిలైనప్పుడు’ అని పెట్టుకున్న మెయిల్ కూడా వస్తుంది.

పాత జాబ్‌లలో దాగిన ఫెయిల్యూర్లు కావాలంటే ఎంఎస్‌డీబీలోని (ఏజెంట్ తన వివరాలు దాచుకునే డేటాబేస్) సిస్‌జాబ్‌హిస్టరీ టేబుల్‌లో స్టెప్ ఐడీ 0 కంటే ఎక్కువ (0 అంటే జాబ్ మొత్తం ఫలితం), రన్ స్టేటస్ 0 (అంటే ఫెయిల్) ఉన్న వరుసలు వెతకండి. హిస్టరీకి పరిమితి ఉంటుంది, పాతవి చెరిగిపోతాయి, కాబట్టి ఈ పని ఆలస్యం చేయకండి.

ఒక్క జాగ్రత్త. ఏజెంట్ సర్వీసే ఆగిపోయినా, షెడ్యూల్ డిసేబుల్ అయినా జాబ్ మొదలే కాదు, ఫెయిల్యూర్ మెయిలూ రాదు. ముఖ్యమైన జాబ్‌కైతే చివరిసారి ఎప్పుడు పాసైందో వేరే సర్వర్ నుంచి చూసే ఏర్పాటు తప్పక ఉండాలి.