గుర్రప్పిల్లకు దుప్పటి కప్పే ముందు

బెంగుళూరు పక్కన దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం వైపు తోట కొని, తోటతో పాటు ఒకటో రెండో గుర్రప్పిల్లల్ని తెచ్చుకున్న మనవాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. దీపావళి దాటిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: రాత్రంతా బయటే ఉంటాయి కదా, దుప్పటి కప్పాలా? వట్టి చలికైతే వద్దంటాను. తడికి, ఈదురుగాలికి, జబ్బుకి అయితే ఆలోచించాలి.

బెంగుళూరులో జనవరి రాత్రి సగటున 15, 16 డిగ్రీలుంటుంది. ఊరి బయట ఇంకాస్త తగ్గుతుంది. ఇక్కడ లెక్కలకెక్కిన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. పెద్ద గుర్రానికి బొచ్చు పల్చగా ఉన్నా, ఒళ్ళు పొడిగా ఉండి గాలి కొట్టకపోతే 5 డిగ్రీల దాకా పెద్ద ఇబ్బంది ఉండదు. పాలు మాని శుభ్రంగా మేసే పిల్ల కూడా మన చలికి తట్టుకుంటుంది. మొదటి ఏడాది నేను స్వెట్టరు, మఫ్లరు వేసుకుని దుప్పటి పట్టుకుని వెళ్తే, మా దగ్గర గుర్రాలు చూసే హిందూపురం పెద్దాయన "చలి మీకా సామీ, దానికా?" అన్నాడు.

రోజుల పిల్ల సంగతి మాత్రం వేరు. దానికి 20 డిగ్రీల దగ్గరే చలి మొదలవుతుంది. తల్లితో పాటు రాత్రిపూట లాయంలోనే, పొడి గడ్డి పరుపు మీద ఉండాలి.

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. గుర్రానికి చలికాలపు బొచ్చు మొలిపించేది ముఖ్యంగా ఆ పొద్దు తగ్గడమే. బెంగుళూరులో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా గంటన్నరే కాబట్టి మన గుర్రాలకు మంచు దేశాల్లోలా దట్టమైన బొచ్చు రాదు. మైనస్ పదికి కూడా దుప్పటి అక్కర్లేదని అక్కడివాళ్ళు చెప్పే మాట మన పిల్లలకు వర్తించదు. అలాగే వాళ్ళ బరువైన రగ్గులూ మనకు పనికిరావు. ఉన్న కొద్దిపాటి బొచ్చునైనా చలికి నిక్కబొడుచుకోనివ్వాలి. వెంట్రుకల మధ్య నిలిచే గాలే దానికి కంబళి. పల్చటి దుప్పటి వేస్తే ఆ బొచ్చు అణిగిపోతుంది, దుప్పటి వేడి చాలదు.

అసలు భయపడాల్సింది తడికి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వల్ల ఇక్కడ పట్టిన ముసురు లాంటిదానికి. బొచ్చు చర్మం దాకా తడిసి అతుక్కుపోయాక 18 డిగ్రీల్లోనూ పిల్ల వణుకుతుంది. కాబట్టి దుప్పటికి పెట్టే డబ్బు ముందు కొట్టానికి పెట్టండి. మూడు వైపులా గోడ, పైన రేకులు చాలు. చలికాలం గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది కనుక తెరిచిన వైపు పడమరకు ఉండాలి. వెడల్పు తగ్గించొద్దు, ఇరుకైతే పెత్తనం చేసే గుర్రం బక్కదాన్ని వానలోకి తరిమేస్తుంది. తడిసి వచ్చిన పిల్ల మీద టార్పాలిన్ కప్పొద్దు, తడి లోపలే ఉండి చర్మం మీద పొక్కులు కడతాయి. ఎండుగడ్డిని మెలితిప్పి చుట్ట చేసి ఒళ్ళంతా రుద్దండి.

చలి పెరిగిందని దాణా పెంచేస్తుంటారు. కడుపులో నిప్పు రాజేసేది గడ్డి. పేగుల్లో అది పులుస్తూ పుట్టించే వేడే రాత్రంతా కాస్తుంది. 250 కిలోల పిల్లకు రోజుకు 4, 5 కిలోల ఎండుగడ్డి కావాలి, అందులో ఎక్కువ వంతు సాయంత్రం వేయండి. నీళ్ళు చల్లగా ఉంటే తక్కువ తాగి కడుపునొప్పి తెచ్చుకుంటాయి, తొట్టిలో ఓ బిందె గోరువెచ్చటి నీళ్ళు కలపండి.

బక్కచిక్కినది, జబ్బుపడి లేచినది, బొచ్చు కత్తిరించినది ఉంటే దుప్పటి కప్పాల్సిందే. అప్పుడు ఎదురయ్యే ప్రమాదం దుప్పటే. మా పది నెలల మగపిల్లకు నవంబరులో సరిపోయిన దుప్పటి సంక్రాంతికి ఛాతీ దగ్గర బిగిసి, మూపు మీద బొచ్చు ఊడగొట్టింది. పైగా పొట్ట కింద పట్టీకి బదులు నేను తాడు కట్టాను. పక్క పిల్ల ఆడుకుంటూ దుప్పటి అంచు పీకితే అది జారి కిందికి వచ్చింది, వెనక కాలు తాడులో ఇరుక్కుంది. తెల్లారి వెళ్ళేసరికి కంచెకు ఆనుకుని మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. గిట్ట పైన చర్మం చీరుకుపోయి ఆరు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి తాడు కట్టడం మానేశాను. పట్టీ కింద అరచెయ్యి దూరేంత వదులే ఉంచుతాను, పక్షానికోసారి కొలత చూస్తాను. ఉదయం ఎండ రాగానే తీసేయాలి. పగలు 27 డిగ్రీల్లో దుప్పటి కింద చెమట పట్టి, మళ్ళీ రాత్రి ఆ తడితోనే చలికి వణుకుతుంది.

చెవులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి. భుజం వెనక, బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి చూడండి. అక్కడా చల్లగా ఉండి, వణుకు ఆగకుండా, గడ్డి వాసన కూడా చూడకపోతే అది చలి ఒక్కటే కాదు. మలద్వారంలో థర్మామీటరు పెట్టండి, 38.5 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. థర్మామీటరుకు దారం కట్టి, దారం చివర బట్టల క్లిప్పుతో తోకకు తగిలించండి. మాది ఒకటి గడ్డి వాములో పడి ఇంతవరకూ దొరకలేదు.