టోర్నమెంటు పోకర్ నుంచి చిన్న పందేల క్యాష్ గేమ్‌కు మారేటప్పుడు తెలుసుకోవలసినవి

ఫోనులో టోర్నమెంట్లు ఆడి పోకర్ నేర్చుకున్నవారు క్యాష్ గేమ్ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ముక్కలు మారవు, నియమాలు మారవు, ఏ చెయ్యి (ముక్కల కలయిక) కంటే ఏ చెయ్యి పెద్దదన్న వరుస కూడా మారదు. మారేది చిప్పు (పందెం వేసే బిళ్ల) విలువ. టోర్నమెంటులో చిప్పు డబ్బు కాదు. దాన్ని మధ్యలో మార్చుకొని ఇంటికి పోలేము, అంతా పోతే ఆట అయిపోతుంది, రెట్టింపు చేసుకున్నా బహుమతిలో మన వాటా రెట్టింపు కాదు. క్యాష్ గేమ్‌లో వంద రూపాయల చిప్పు కూర్చున్నప్పుడు ఎంతో లేచేటప్పుడూ అంతే. టోర్నమెంట్లలో అలవాటైన పద్ధతుల్లో వేటిని ఉంచుకోవాలి, వేటిని వదులుకోవాలి అన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది.

అంతకన్నా ముందు చట్టం సంగతి చూడాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యంతో ఆడేదా అదృష్టం మీద నడిచేదా అన్న భేదం చూడకుండా, ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. కాబట్టి తిరుపతిలో కూర్చొని రుసుము కట్టి ఫోనులో టోర్నమెంటు ఆడటానికీ వీల్లేదు, క్యాష్ గేమ్ ఆడటానికీ వీల్లేదు. వీపీఎన్ పెట్టుకొని విదేశీ సైట్లలో ఆడవచ్చని ఎవరైనా చెబితే వినకండి. అక్కడ గెలిచిన డబ్బు చేతికి రాకపోతే అడిగే దిక్కు ఉండదు. చిత్తూరు వైపు మామిడి తోటల్లోనో, ఊళ్లో అద్దె గదుల్లోనో పందెం పెట్టి ఆడించే ఆటలకూ పోకూడదు, ఎందుకంటే 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం జూదగృహం నడపడమూ నేరమే, అందులో ఆడుతూ పట్టుబడడమూ నేరమే. డబ్బు ప్రసక్తి లేని ఉచిత పాయింట్ల ఆటలు మాత్రం సాధనకు మిగిలి ఉన్నాయి. చట్టబద్ధంగా క్యాష్ గేమ్ ఆడదలచుకున్నవారు గోవా వెళ్లవచ్చు. అక్కడ పణజి దగ్గర మాండవి నదిలో నిలిపి ఉంచిన ఓడల్లోనూ, కొన్ని పెద్ద హోటళ్లలోనూ ఆ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సుతో క్యాసినోలు నడుస్తున్నాయి. 21 ఏళ్లు నిండనివారికి ప్రవేశం లేదు. ఇక్కడ సాధన చేసి, అక్కడికి వెళ్లి ఆడాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకొనే మిగతాదంతా రాస్తున్నాను.

టోర్నమెంటులో బ్లైండ్లు (ప్రతి పంపకంలో వంతులవారీగా ఇద్దరు ముక్కలు చూడకముందే వేయవలసిన చిన్న, పెద్ద పందేలు) కొద్ది నిమిషాలకొకసారి పెరుగుతాయి, చాలావాటిలో యాంటీ (ప్రతి పంపకానికీ అదనంగా వేసే పందెం) కూడా ఉంటుంది. ఊరికే కూర్చుంటే స్టాక్ (మన దగ్గరున్న చిప్పులు) కరిగిపోతుంది కాబట్టి, అంతంతమాత్రపు ముక్కలతోనైనా ముందుకు దూకి ఇతరుల బ్లైండ్లు లాక్కోవలసి వస్తుంది. క్యాష్ గేమ్‌లో ఆ తొందర లేదు. బ్లైండ్లు 50-100 రూపాయలైతే రాత్రంతా 50-100గానే ఉంటాయి. డీలర్ ముక్కలు పంచే బల్ల మీద గంటకు సుమారు 25 నుంచి 30 చేతులు (పంపకాలు) సాగుతాయి. తొమ్మిది మంది ఉన్న బల్లలో అది దాదాపు మూడు చుట్లు, అంటే ఏమీ ఆడకుండా చూస్తూ కూర్చున్నా గంటకు 450 రూపాయలే ఖర్చు. చేతిలో 10,000 ఉన్నవారికి ఇది భరించలేని ఖర్చేమీ కాదు. పైగా బల్ల మధ్యలో ఉన్నది 150 రూపాయలే అయినప్పుడు దానికోసం చెత్త ముక్కలతో సాహసం చేయడంలో అర్థం లేదు. ఓపిక పట్టడం టోర్నమెంటులో ప్రమాదం, ఇక్కడ అదే పెట్టుబడి.

ఇక అసలు కష్టం స్టాక్ లోతులో ఉంది. టోర్నమెంటు సగం దాటాక చాలామంది దగ్గర 15, 20 పెద్ద బ్లైండ్లకు మించి ఉండవు; అక్కడ నిర్ణయం చాలావరకు ఫ్లాప్ (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు) ముందే, ఆల్-ఇన్ (ఉన్నదంతా పందెం) వేయాలా వదిలేయాలా అన్న రూపంలో తేలిపోతుంది. క్యాష్ గేమ్‌లో సాధారణంగా 100 పెద్ద బ్లైండ్లతో కూర్చుంటారు కాబట్టి టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) మీద, రివర్ (అయిదోది, చివరిది) మీద పెద్ద మొత్తాలు కదులుతాయి. ఒక చేతిని దగ్గరగా చూద్దాం. మీ దగ్గర 10,000 ఉంది; బ్లైండ్లు 50-100. ఆసు, రాణి వచ్చాయి, 400కు పెంచారు. బటన్ మీద ఉన్నతను (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడేవాడు), పెద్ద బ్లైండ్‌లో ఉన్నతను కాల్ చేశారు (అంతే మొత్తం వేశారు), పాట్ (బల్ల మధ్యలో చేరిన మొత్తం) 1,250. ఫ్లాప్‌లో రాణి, ఎనిమిది, అయిదు పడ్డాయి, వాటిలో రెండు ఆఠీన్లు. మీరు 800 వేస్తే పెద్ద బ్లైండ్ అతను మాత్రమే కాల్ చేశాడు, పాట్ 2,850 అయింది. టర్న్‌లో కళావరు రెండు వచ్చింది. మీరు 1,800 వేశారు, అంతవరకు నిశ్శబ్దంగా కాల్ చేసిన మనిషి 5,500కు పెంచాడు.

20 బ్లైండ్ల స్టాకుతో టోర్నమెంటులో ఇదే రాణి జత వస్తే ఆలోచించనక్కరలేదు. ఫ్లాప్ నాటికే పాట్‌కు రెండు మూడింతలకు మించి మీ దగ్గర మిగలదు కాబట్టి అంతా పెట్టడమే సరైనది. ఇక్కడ ఫ్లాప్ మీద పాట్‌కు ఏడింతలకు పైగా మీ దగ్గర మిగిలి ఉంది. అతని రెయిజ్‌ను అందుకోవడానికి ఇంకా 3,700 వేయాలి. లెక్క ప్రకారం సుమారు 27 శాతం సార్లు గెలవగలిగితేనే అది గిట్టుతుంది, ఆ తర్వాత మిగిలిన 3,300 కూడా రివర్ మీద అడుగుతాడని గుర్తుంచుకోవాలి. చిన్న పందేల బల్లల్లో టర్న్ మీద ఇలా పెంచేవాడి చేతిలో చాలాసార్లు మూడు ఎనిమిదులో, మూడు అయిదులో, రెండు జతలో ఉంటాయి. మూడు ఎనిమిదుల ముందు మీ ఆసు-రాణికి గెలిచే దారే లేదు. ఎనిమిది-అయిదు రెండు జతల ముందు మిమ్మల్ని గెలిపించే ముక్కలు ఎనిమిది, అంటే 18 శాతం. కాబట్టి వదిలేయాలి. మంచి జత పట్టుకొని కూడా ముక్కలు కింద పడేయగలగడమే టోర్నమెంటు నుంచి వచ్చినవారికి అన్నిటికన్నా ఆలస్యంగా అబ్బే విద్య అని నా గట్టి అభిప్రాయం.

ఇదే లోతు మరికొన్ని చేతుల విలువను పెంచుతుంది. చిన్న జత చేతిలో ఉంటే ఫ్లాప్‌లో మూడోది పడే అవకాశం సుమారు 12 శాతం, ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. 400 వేసి అయిదుల జతతో ఫ్లాప్ చూడాలంటే, సెట్ (అలా ఒకే అంకెవి మూడు) పడ్డ రోజున ఎదుటివాడి దగ్గర నుంచి అంతకు ఎన్నో రెట్లు రాబట్టగలగాలి. మీ ఇద్దరిలో తక్కువ ఉన్నవారి స్టాక్ ఆ 400కు కనీసం 15 రెట్లు, అంటే 6,000 అయినా ఉండాలన్నది ఆడేవారు పాటించే లెక్క. టోర్నమెంటులో 20 బ్లైండ్లతో ఈ కాల్ నష్టమే, ఇక్కడ లాభం. దీనికి విరుద్ధంగా రంగు కలవని ఆసు-పది, రాజు-జాకీ వంటివి చిన్న స్టాకుల ఆటలో బలంగా కనిపిస్తాయి, లోతైన ఆటలో రెండో స్థానంలో నిలిచి డబ్బు పోగొడతాయి. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) కోసం ఎదురుచూసే చేతుల లెక్క కూడా మారుతుంది. టోర్నమెంటులో ఫ్లాప్ మీదే ఆల్-ఇన్ వేసి రెండు ముక్కలూ చూస్తారు కాబట్టి అవకాశం 35 శాతం. క్యాష్ గేమ్‌లో ఒక కాల్‌కు ఒక ముక్కే దక్కుతుంది, దాని అవకాశం 19 శాతమే. తర్వాతి ముక్కకు మళ్లీ చెల్లించాలి.

ఎదుటివారి స్వభావం విషయంలో ఒక్క మాట చాలు: చిన్న పందేల బల్ల దగ్గర కూర్చునేవారిలో ఎక్కువమంది సరదాకు వచ్చినవారు, ముక్కలు వదలడం వారికి ఇష్టం ఉండదు. అలాంటివారి ముందు బ్లఫ్‌లు తగ్గించి, మంచి చెయ్యి వచ్చినప్పుడు మాత్రం పెద్ద మొత్తాలు వేయాలి. ఆన్‌లైన్ టోర్నమెంటులో రెండు బ్లైండ్లకో రెండుంపావుకో పెంచే అలవాటు ఇక్కడ పనికిరాదు. నాలుగైదు బ్లైండ్లకు పెంచినా ముగ్గురు కాల్ చేసే బల్లలు ఉంటాయి.

రేక్ (క్యాసినో తీసుకునే వాటా) గురించి టోర్నమెంటు ఆటగాళ్లు ఆలోచించరు, ఎందుకంటే వారి రుసుము ముందే కట్టేసి ఉంటుంది. క్యాష్ గేమ్‌లో క్యాసినో ప్రతి పాట్ నుంచీ కొంత శాతం తీసుకుంటుంది; 5 శాతం అనుకుంటే పై ఉదాహరణలోని 1,250 పాట్‌లో 62 రూపాయలు పోయినట్టే. చిన్న చిన్న పాట్‌లు ఎన్ని గెలిచినా రేక్ తినేస్తుంది. శాతం ఎంత, గరిష్ఠ పరిమితి ఎంత, ఫ్లాప్ పడకుండా ముగిసిన చేతికి కూడా కోస్తారా అన్న మూడు ప్రశ్నలూ కూర్చోకముందే అడగాలి.

సాధనకు తిరుపతిలో ఉన్నవారికి గోవా దాకా వెళ్లనక్కరలేదు. కొర్లగుంటలో నాకు తెలిసిన కొందరు స్నేహితులు ఆదివారం మధ్యాహ్నాలు ఒక మేడ మీద కూర్చొని, రూపాయి కూడా పెట్టకుండా, చింతపిక్కలతో ఆడతారు. మనిషికి నూరు పిక్కలు, ఒక్కో పిక్క ఒక్కో పెద్ద బ్లైండ్, పగలగొట్టిన బద్ద చిన్న బ్లైండ్. ఈ పద్ధతిలో మెచ్చుకోదగినది ఏమిటంటే, ప్రతి చెయ్యి అయ్యాక అందరి పిక్కలూ మళ్లీ నూరుకు సరిచేస్తారు, దాంతో ఎప్పుడూ పూర్తి లోతులోనే ఆట సాగుతుంది. పెద్ద పాట్ అయినప్పుడు ముక్కలన్నీ తిప్పి, టర్న్ మీద ఎవరు ఏమనుకున్నారో చెప్పుకుంటారు. డబ్బు లేదు కదా అని ఎవరైనా పిక్కలు వెదజల్లితే సాధన చెడిపోతుంది కాబట్టి, ఎవరి పిక్కలు ఎన్ని తగ్గాయో ఒక నోట్‌బుక్కులో రాస్తారు.

అసలు బల్ల దగ్గర ఫోను చేయనివ్వని తప్పులు చెయ్యి చేస్తుంది. మీ వంతు రాకముందే ముక్కలు పడేయకూడదు. పెంచదలిస్తే ముందు నోటితో "రెయిజ్" అనాలి. ఏమీ అనకుండా 500 చిప్పు ఒక్కటి ముందుకు నెడితే దాన్ని కాల్‌గానే లెక్కిస్తారు. చిప్పులు రెండు విడతలుగా పెడితే రెండో విడత చెల్లదు. ముక్కల మీద ఒక చిప్పు ఉంచుకోవాలి, లేకపోతే డీలర్ పొరపాటున వాటిని లాగేసుకునే ప్రమాదం ఉంది. చెయ్యి నడుస్తుండగా జేబులోంచి డబ్బు తీసి కలపడానికి కుదరదు, గెలిచిన చిప్పులు కొన్ని తీసి జేబులో వేసుకోవడానికీ కుదరదు. చేతికీ చేతికీ మధ్య మాత్రం తగ్గిన స్టాక్‌ను మళ్లీ పూర్తి బై-ఇన్ (బల్ల దగ్గర కూర్చునేటప్పుడు కొనే చిప్పుల మొత్తం) వరకు నింపుకోవచ్చు, నింపుకోవాలి కూడా.

డబ్బు విషయంలో ఎంత జాగ్రత్తగా చెప్పినా తక్కువే. క్రమంగా ఆడేవారు 20 నుంచి 40 బై-ఇన్లు విడిగా ఉంచుకోవాలంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే మనవంటివారు మాత్రం పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగని మొత్తాన్ని, మూడు బై-ఇన్లకు మించకుండా, ప్రయాణ ఖర్చులకు సంబంధం లేకుండా తీసుకువెళ్లి, ఏటీఎం కార్డును గదిలోనే వదిలి రావాలి. చీటీ పాడిన డబ్బు, బంగారం కుదువపెట్టిన డబ్బు ఆ బల్ల మీదకు రాకూడదు. గెలుపు మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉంటాయి. ఆటలో పోయిన డబ్బును అందులోంచి తగ్గించుకునే వీలు లేదు. అందుకే కూర్చున్న సమయం, కొన్న చిప్పులు, లేచేటప్పుడు మార్చుకున్న మొత్తం అక్కడికక్కడే రాసుకొని, తిరిగి వచ్చాక ఆడిటర్‌కు చూపించాలి. పోయిన డబ్బు తిరిగి రాబట్టాలన్న ఆలోచన నిద్ర పట్టనివ్వకపోతే ఆట ఆపి, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక లేచే సమయం. టోర్నమెంటు ముగిసేదాకా లేవనివ్వదు. క్యాష్ గేమ్ ఏ చెయ్యి తర్వాతైనా లేవనిస్తుంది, ఆ స్వేచ్ఛను వాడుకోవాలి. నాలుగు గంటలని ముందే నిర్ణయించుకొని గడియారం చూసి లేవండి. బలహీనంగా ఆడేవారు వెళ్లిపోయి వారి స్థానంలో గట్టివారు వచ్చి కూర్చుంటే, నాలుగు గంటలు కాకపోయినా లేవండి. తెచ్చుకున్న మూడు బై-ఇన్లలో రెండు పోయాక మూడోది ఆ రాత్రి తీయకండి. బ్లైండ్లు పెరగవు కాబట్టి మర్నాడు వచ్చినా అదే 50-100 బల్ల మీద అదే పది వేలతో మొదలుపెట్టవచ్చు.